సున్నం మీద తేరిన నీళ్లు

ఆమె కుడికన్ను మందు వల్ల పోయిందని ఆ ఊళ్లో అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. మూడేళ్లపాటు కాదనలేదు.

ముందు ఆ మందేమిటో చెప్పాలి. అరకు లోయలో, డుంబ్రిగుడకు ఎగువన, కొండవాలుల్లో కాఫీ వేసుకున్న గిరిజన రైతుల సంఘం ఒకటుంది. అందులో నేను ఫీల్డు అసిస్టెంటుని. కాఫీ ఆకులకు తుప్పు తెగులు పట్టకుండా వానలకు ముందొకసారి, వానలు తగ్గుముఖం పట్టాక ఇంకోసారి బోర్డో మందు కొడతారు. అది సీసాలో దొరికే మందు కాదు, తోటలోనే తయారు చేసుకోవాలి. ఒక డ్రమ్ములో మైలుతుత్తం, ఒక డ్రమ్ములో సున్నం విడివిడిగా నానబెట్టి, మర్నాడు రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోస్తూ కర్రతో తిప్పాలి. కుదిరిందో లేదో చూడ్డానికి తోమిన కొడవలి అందులో ముంచుతారు. అంచుకు ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, అలాగే కొడితే ఆకులు మాడిపోతాయి. ఆకుల గురించి అంత జాగ్రత్త. మనుషుల గురించి జాగ్రత్త చెప్పడం నా ఉద్యోగం.

సేంద్రియ సాగులో కూడా ఈ మందును మితంగా వాడుకోనిస్తారు. దాంతో ఇది విషం కాదని అందరికీ ధీమా. మైలుతుత్తం పలుకులు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో, అవి పట్టుకున్న చేత్తో అంబలి తాగితే కడుపులో అంతగా తిప్పుతుంది. వాంతి నీలంగానో పచ్చగానో అవుతుంది. రోజంతా ఆ తుంపర పీలిస్తే సాయంత్రానికి నోట్లో ఇత్తడి గ్లాసు నాకినట్టుంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడై నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. కంట్లో పడితే ఇక చెప్పనక్కర్లేదు. ఇవన్నీ బొమ్మల అట్టలు పట్టుకుని ఊరూరా తిరిగి చెప్పేదాన్ని. బాగానే చెప్పేదాన్ని. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు, పాఠం చెప్పే గొంతు నాకు ఆయన నుంచే వచ్చింది. వినేవాళ్లు ఎంతో మర్యాదగా తలలూపి, చుట్ట వెలిగించుకుని, గ్లౌజులు పక్కన పెట్టి చేత్తోనే మైలుతుత్తం కలిపేవాళ్లు.

ఈ కొండలకు వచ్చేసరికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్లు. మాది బొబ్బిలి వైపు మైదానం. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా అప్పటికి అడగడం మానేశారు. ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నాను. ఊరివాళ్లు మంచివాళ్లు. ‘మేడమ్’ అని లేచి నిలబడేవాళ్లు, కుర్చీ వేసేవాళ్లు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్లంతా నేలమీద కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు. ఆదివారం చర్చిలో పాటలూ ఆ భాషలోనే. నేను ఊరికే పెదవులు కదిపేదాన్ని. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున్న దాకా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని వారాలు ఉన్నాయి. సోమవారం నోరు తెరిస్తే మొదటి మాట బొంగురుగా వచ్చేది.

ఆమె పరిచయమైంది తోటలో. నాకంటే పదేళ్లు పెద్దది. భర్త పోయాడు, ఒక్క కూతురు పెళ్లి చేసుకుని పాడేరు వైపు వెళ్లిపోయింది, ఇంటి పక్కనే మరిది కాపురం. రెండెకరాల కాఫీ, కొంచెం రాగిచేను. నేను ఆమెను అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అలాగే అంటాం.

అక్కడ మందు కొట్టేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఒకరి తోటకు ఒకరు సాయం పోతారు. ఏడెనిమిది మంది స్ప్రేయర్లు వీపుకు తగిలించుకుని వాలు మీద వరసల్లోకి వెళతారు. సెప్టెంబరు నెలలో పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, పదడుగుల అవతల మనిషి కనబడడు. అందుకని కూతలు వేస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో కూత, వినగానే ఎవరిదో తెలిసిపోతుంది. కూత వినబడిన వైపు గొట్టం తిప్పరు. మందు నింపుకోవడానికి డ్రమ్ముల దగ్గరికి దిగేవాళ్లు, మళ్లీ ఎక్కేవాళ్లు కూతలు వేసుకుంటూ తిరుగుతారు. మొదటిసారి విన్నప్పుడు ఏదో ఆట అనుకున్నాను.

“నీకు కూత లేదేటి గుంటా?” అంది ఆమె ఒకరోజు. “రేపు మంచులో తప్పిపోతే నిన్ను ఏటని ఎతకాల?”

గుంట అంటే ఆడపిల్ల. నలభైకి దగ్గరపడ్డదాన్ని పట్టుకుని గుంటా అంటే నవ్వొచ్చింది. తర్వాత గదికి వచ్చి ఏడ్చాను కూడా. ఆమే నాకొక కూత నేర్పింది. రెండు పొట్టివి, చివర్లో ఒకటి పొడుగ్గా. సిగ్గుపడుతూనే వేశాను. మంచులోంచి, పైనుంచి, పక్కనుంచి అందరూ తిరిగి కూశారు. నేనెంత సంతోషపడ్డానో ఇప్పుడు చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుంది. కానీ సంతోషపడ్డాను.

ఆ తర్వాత సాయంత్రాలు వాళ్ల అరుగు మీదే గడిచేవి. ఉడకబెట్టిన దుంపలు పెట్టేది, తన కూతురి కబుర్లు చెప్పేది, నా వంట ఎలా ఉంటుందో ఊహించి ఎగతాళి చేసేది. ఎవరైనా నన్ను ఎగతాళి చేసి ఎన్నేళ్లయిందో అప్పుడు లెక్కకు వచ్చింది.

మాస్కుల గొడవ నేనే తెచ్చాను. సంఘం వాళ్లతో పోట్లాడి అందరికీ మాస్కులు, కళ్లద్దాలు, గ్లౌజులు తెప్పించాను. మాస్కు మూతికి పెట్టుకుని ఆమె అంది, “ఎద్దుకి సిక్కం ఏసినట్టుంది.” అందరూ పగలబడి నవ్వారు, నాకు ఒళ్లు మండింది. తోటలోకి వెళ్లి చూస్తే కూత వేసినప్పుడల్లా మాస్కు గడ్డం కిందికి లాగుతున్నారు. కూసి, గుండెల నిండా ఊపిరి పీలుస్తున్నారు, ఆ ఊపిరితో పాటే మందూ లోపలికి పోతోంది. మాస్కు దించినవాళ్లు మందు కొట్టడానికి వీల్లేదని కేకలేశాను. వెంటపడి మరీ కేకలేశాను.

“మూతి మూసేస్తే కూత ఎలాగ గుంటా? ఎవులు ఎక్కడున్నారో తెలియొద్దా?” అంది ఆమె.

“చూసుకుని నెమ్మదిగా నడిస్తే చాలు అప్పా. కూత కంటే ఊపిరి ముఖ్యం,” అన్నాను.

నా మాట మీద గౌరవంతో విన్నారు. కళ్లద్దాలు మాత్రం మంచుకు మసకబారుతున్నాయని నుదుటి మీదికి నెట్టేసేవాళ్లు. అన్నింటికీ పోట్లాడలేక నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. తోటలో కూతలు ఆగిపోయాయి. స్ప్రేయర్ల బుస తప్ప ఏమీ వినబడేది కాదు. నా పాఠం ఫలించిందని నెల నివేదికలో రాశాను.

ఆ రోజు ఆమె తోటకే మందు. నేను డ్రమ్ముల దగ్గర ఉన్నాను. కంట్లోనో ఒంటి మీదో మందు పడితే కడుక్కోవడానికి కింద పారే గెడ్డ నుంచి, అంటే వాగు నుంచి, మంచినీళ్లు తెచ్చి ఒక క్యానులో విడిగా ఉంచాలని నియమం, నేను పెట్టిందే. ఆ పొద్దున్న మందు చిక్కబడింది, నీళ్లు చాలలేదు. గెడ్డకు దిగి ఎక్కాలంటే అరగంట. వాన పడేలోపు బేగి అయిపోవాలని అందరూ తొందర పడుతున్నారు. క్యానులో నీళ్లు నేనే మూడో డ్రమ్ములో పోయించాను. తర్వాత ఎవరో ఒకరు వెళ్లి తెస్తారులే అనుకున్నాను.

ఆమె ఖాళీ స్ప్రేయరుతో కిందికి వస్తోంది. పై వరసలో మరిది ఉన్నాడు. ఆమె కూత వేయలేదు, అతనూ వేయలేదు. అతను గొట్టం ఇటు తిప్పాడు, మందు నేరుగా ఆమె ముఖం మీద, కుడికంట్లో పడింది. కేక విన్నాను. రెండు చేతులతో ముఖం మూసుకుని జారుతూ, పడుతూ నా దగ్గరికి వచ్చింది. నన్ను పట్టుకుని “నీళ్లు, నీళ్లు” అంది.

క్యాను ఖాళీ. పక్కన సున్నం డ్రమ్ము. మిగిలిన సున్నం అడుగుకు దిగి, పైన నీళ్లు తేటగా తేరి ఉన్నాయి. గెడ్డ నీళ్లకంటే తేటగా ఉన్నాయి. నేను శిక్షణ ఇచ్చే మనిషిని. ఆ డ్రమ్ములో ఏముందో నాకు తెలియక కాదు. ఆ క్షణంలో నాకు నీళ్లే కనబడ్డాయి. మగ్గు ముంచి, మాస్కు లాగేసి, ఆమె తల వెనక్కి వంచి, కుడికన్ను వేళ్లతో విప్పి పోశాను. ఇంకో మగ్గు పోశాను. ఆమె గిలగిల్లాడుతుంటే మందు మంట అనుకుని, ఓర్చుకో అప్పా, ఓర్చుకో అంటూ గట్టిగా పట్టుకున్నాను. మూడో మగ్గు తెల్లగా వచ్చింది. అప్పటికే అది కంట్లో పడిపోయింది.

మగ్గు విసిరేసి ఆమెను గెడ్డ దాకా లాక్కెళ్లాను. మిగతావాళ్లు వచ్చేసరికి గెడ్డ నీళ్లతో కడుగుతున్నాను. వాళ్లు చూసింది అదే. మేడమ్ ఉండబట్టి సరిపోయిందని ఆమె మరిది ఏడుస్తూ నాకు దణ్ణం పెట్టాడు.

జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె నా చెయ్యి వదల్లేదు. డాక్టరు చిన్నవాడు, ఓపిక గలవాడు. “కంట్లో ఏం పడిందమ్మా?” అని అడిగాడు.

“బోర్డో మందు సార్. తోటకు కొట్టే మందు,” అన్నాను.

“ఇంకేమీ పడలేదు కదా?” అని మా ఇద్దరి కేసీ చూశాడు.

“లేదు సార్. గెడ్డ నీళ్లతో కడిగాం.”

మందులో సున్నం ఎలాగూ ఉంటుంది కదా, చెప్పినట్టే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. ఉద్యోగం పోతుందని కొంత భయం. ఆ అరుగు మీద నాకు చోటుండదని అంతకంటే ఎక్కువ భయం. డాక్టరు తప్పేమీ లేదు, చెప్పింది నమ్మాడు. కడిగి, మందు వేసి, కట్టు కట్టి పంపాడు.

మూడో రోజుకు కన్ను బాగా వాచింది. విశాఖ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ రెప్ప తిరగేసి, మడతలోంచి తెల్లటి నలుసులు తీసింది. నన్ను ఒక్కదాన్నే బయటికి పిలిచి, “ఇది సున్నం. రాగి మందు చేసిన పని కాదు. సున్నం పడిందని మొదటి రోజే చెప్పి ఉంటే అప్పుడే రెప్ప తిరగేసి తీసేసేవాళ్లు. ఇన్నాళ్లూ లోపలే ఉండి కాలుస్తూ ఉంది,” అంది. మందులో ఉంటుంది మేడమ్, అన్నాను. ఇంత సున్నమా, అని ఆమె నా ముఖం కేసి చూసింది. నేను నేలకేసి చూశాను.

కంటికి పువ్వేసింది. చూపు రాలేదు.

మొదటి నెలంతా రోజూ వెళ్లాను, చుక్కలు వేశాను, వంట చేసి పెట్టాను. నా వంట గురించి ఆమె ఊహించిందంతా నిజమేనని తేలింది. ఆమె నవ్వేది. ఆ తెల్లటి కన్ను నాకేసి తిరిగి ఉండగా ఆ నవ్వు చూడలేకపోయాను. రోజూ వెళ్లేదాన్ని వారానికోసారికి వచ్చాను, తర్వాత పని ఎక్కువగా ఉందన్నాను, తర్వాత ఆమె ఇంటి ముందు నుంచి కాకుండా చర్చి వెనక నుంచి చుట్టు తిరిగి నడవడం మొదలెట్టాను. దేవుడికి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన ఎవరితోనూ అనడు. మళ్లీ శనివారం తలుపు వేస్తే సోమవారం తీసే బతుకు అయింది. ఈసారి అది ఎవరూ నాకు చేసింది కాదు. ఒంటరితనం అంటే మొదట్లో ఉన్నదే అనుకునేదాన్ని. ఇది దానికంటే చాలా బరువుగా ఉంది.

కూతలు తిరిగి తెప్పించాను. వరస చివర నిలబడి, స్ప్రేయరు ఆపి, మాస్కు దించి కూయాలి, తిరిగి పెట్టుకున్నాకే మందు కొట్టాలి. ఈ ఏర్పాటు నాకు ముందే తట్టాల్సింది. క్యానుకు తాళం వేయించాను. ప్రతి శిక్షణలోనూ ఒక మాట చేర్చాను: కంట్లో మందు పడితే సున్నం డ్రమ్ములో తేరిన నీళ్లతో ఎట్టి పరిస్థితుల్లోనూ కడగొద్దు, పడినదేదో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎందుకో మాత్రం చెప్పేదాన్ని కాదు.

ఈ ఏడాది వానలకు ముందు వాళ్ల ఊళ్లోనే శిక్షణ పడింది. తప్పించుకోవడానికి కుదరలేదు. కాఫీ ఎండబెట్టే చప్టా పక్కన, ఎత్తు అరుగు మీది షెడ్డులో. ఆమె వెనకవైపు గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆ సున్నం నీళ్ల మాటా చెప్పాను, గొంతు తడబడకుండానే చెప్పాను. అందరూ లేచి వెళ్లిపోయారు. ఆమె లేవలేదు.

“సున్నం నీళ్లతో కడగొద్దని సెప్పినావు కదా,” అంది. “ఎవులు కడిగితే తెలిసినాది నీకు?”

బొమ్మల అట్టలు సర్దుతున్నదాన్ని ఆగిపోయాను. వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. చెప్పేశాను. క్యాను ఖాళీ చేయించింది నేనేనని, మగ్గు ముంచింది నేనేనని, మూడో మగ్గు తెల్లగా వచ్చిందని. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

“నాకు ఆ యేలే తెల్సు,” అంది ఆమె. “నోట్లోకి కారింది. పొగాకులో సున్నం ఏసుకుని నమిలీదాన్ని, సున్నం రుసి నాకు తెలీదేటి?”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు అప్పా?”

“నువ్వే సెప్తావని సూసినాను. ఆలస్యమైనా వొచ్చి సెప్తాదిలే అనుకున్నాను. కంగారులో ఎవులికైనా సెయ్యి తప్పుతాది. దానికేటి? కన్ను ఎలాగూ పోయినాది, నువ్వు కూడా రాకుండా పోయినావు.”

కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

“ఆసుపత్రిలో డాట్రుబాబు అడిగినప్పుడు నీ సెయ్యి నా సేతిలో ఒణికిపోతంది,” అంది. “ఈ గుంట ఉజ్జోగం పోతాదేమో అనుకున్నాను. అందుకే నానూ ఊరుకున్నాను. సెప్పినంత మాత్రాన పోయిన కన్ను వొచ్చీస్తాదేటి?”

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆమె నన్ను క్షమించేసింది. ఆ సాయంత్రం నుంచే అరుగు మీద నా చోటు నాకు దక్కేది. కానీ విశాఖలో విన్న మాట ఇంకా నా దగ్గరే ఉంది. ఒకసారి అబద్ధం మీద ఆ అరుగు నిలుపుకుందామని చూసి పోగొట్టుకున్నాను, రెండోసారి ఆ పని చేయలేకపోయాను.

“వచ్చేదే అప్పా,” అన్నాను. “సున్నమని ఆ రోజే చెప్పి ఉంటే రెప్ప తిరగేసి తీసేసేవాళ్లట. కన్ను దక్కేదట. విశాఖలో డాక్టరమ్మ నాతో చెప్పింది. నేను నీకు చెప్పలేదు.”

కోప్పడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. బయట చప్టా మీద ఎవరో ఎండబోసిన రాగులు నెరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“అయితే,” అంది చివరికి, “నాను నోరిప్పినా దక్కీదే కదా.”

కాదన్నాను. చెప్పాల్సింది నేను, నీ తప్పు ఇసుమంతైనా లేదన్నాను. చేతులు పట్టుకున్నాను. ఆమె నా మాట వినడం లేదు. “డాట్రుబాబు నన్నూ సూసినాడు,” అంది తనలో తను. “నన్నూ సూసినాడు. నోట్లో రుసి ఉండగానే ఊరుకున్నాను.”

తర్వాత చేతులు విడిపించుకుని లేచింది. షెడ్డు గుమ్మం కుడివైపు గుంజ కనబడక భుజానికి తగిలింది. పట్టుకుందామని వెళ్లాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, తనే తడుముకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.